సాక్ష్యం వేళ చెప్పిన సమీక్ష

మా సంఘాల మాసపత్రికను చూసే కోరుట్ల సంఘపెద్ద నా సమీక్షలు మూడు తిప్పి ఇచ్చాడు. మూడూ కొత్త క్రైస్తవ నవలల మీద రాసినవే. మూడోది ఇచ్చేటప్పుడు, పదిమంది ముందు, చాయ్ తాగుతూ, "గీ కట్టుకథలు మనకెందుకు బ్రదర్, వాక్యం ఉండంగ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నేనుండేది జగిత్యాలలో. ఎక్కడైనా కొత్త నవల వచ్చిందని తెలిస్తే బస్సెక్కుతాను. మందిరాల బయట పుస్తకాల బల్లల మీద, పాటల పుస్తకాల కింద వెతుకుతాను. సిరిసిల్లలో అలాగే ఒకటి దొరికింది. రాసినామె మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుడుతుంది. చదవడం పూర్తికాగానే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మంచం కింద అట్టపెట్టెలో పుస్తకాల కట్టలు విప్పకుండానే ఉన్నాయి.

"ఎవలు సదువుతరు సార్? రెండోది మొదలువెట్టి ఆపిన. గిది ఎవలు సదవకుంటే ఇగ రాయ," అంది.

సమీక్ష వేయిస్తానని మాటిచ్చి, ఐదు ప్రతులు సంచిలో వేసుకుని వచ్చాను. రాసి పంపితే సంఘపెద్ద నుంచి 'స్థలం లేదు' అని కబురు. ఆ నెల పత్రిక చివరి పేజీ సగం ఖాళీ. స్కేలు పెట్టి కొలిచాను.

సంచి పట్టుకుని కోరుట్ల ప్రార్థన కూడికకు వెళ్ళాను. అక్కడ పాటలయ్యాక ఎవరైనా లేచి, ప్రభువు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పవచ్చు. మూడు నిమిషాలకు సంఘపెద్ద గంట కొడతాడు. అంతవరకు ఎవరూ అడ్డుపడరు. నేను లేచాను. ఈమధ్య ఒక పుస్తకం నన్ను కదిలించిందని మొదలుపెట్టి కథలోకి దిగాను. మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఒకామె. భర్త పనికోసం భీవండి పోయి పలకడం లేదు. ఆమె ప్రభువును నమ్మినట్టు ఇంట్లో తెలియదు. మగ్గాల చప్పుడులో ఎవరికీ వినబడదని ఆమె రోజూ షెడ్డులో గొంతెత్తి ప్రార్థిస్తుంది. ఒకరోజు ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆమె గొంతొక్కటే షెడ్డంతా మోగింది. తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది.

గంట మోగింది. కూర్చున్నాను.

ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ లేచి పాస్టరు వైపు తిరిగింది. "అయ్యగారూ, ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం. అత్త ఏం జేస్తదో ఏమో!"

పుస్తకమన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. సాక్ష్యమంటే వాళ్ళకు జరిగిందే. నేను నోరు తెరిచేలోపు అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. పాస్టరు ఆమె కోసం, అత్త మనసు మారడం కోసం, భీవండిలోని భర్త కోసం ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది సంఘపెద్దే.

కూడిక ముగియగానే వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "ఎవలామె బ్రదర్? మగ్గాలంటే సిరిసిల్లనే గదా, పక్కన తంగళ్ళపల్లిల మావోళ్ళున్నరు, పోయి చూసొస్తరు."

"నవలల ఉన్నది బ్రదర్. మీరు జాగ లేదన్నరు సూడు, గా నవలల."

ఆయన ముఖం ఎర్రబడింది. "కట్టుకథకు మమ్మల్ని మోకాళ్ళ మీద కూసోవెడ్తవా?"

"తప్పిపోయిన కుమారుడు ఏ ఊరోడు బ్రదర్? ప్రభువు చెప్పిన కథనే గదా. వానికోసం మీరు ఏడ్వంగ నేను సూడలేదా?"

పాస్టరు పకపకా నవ్వారు. ఈసారి ఎవరి మీద నవ్వుతున్నారో అందరికీ తెలుసు.

ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "కథనో గిథనో, అత్త ఏమన్నది? ముందు గది చెప్పు."

"పుస్తకంల ఉన్నదమ్మా."

గేటు దాటేలోపు ఐదు ప్రతులూ పోయాయి. ఒకటి పట్టుకుపోయింది సంఘపెద్ద భార్యే.

మరుసటి నెల సమీక్ష పూర్తిగా అచ్చయింది. నా రాతప్రతితో వరుస వరుసా పోల్చి చూశాను, ఒక్క మాటా తెగలేదు. పాత మూడు సమీక్షలు కూడా పంపమని సంఘపెద్ద ఫోన్ చేశాడు. ఇంకో రెండుసార్లు అడిగించుకుని పంపాను.

కోరుట్లలో ఇంకా ఇరవైమంది పుస్తకం అడుగుతున్నారని సిరిసిల్లకు ఫోన్ చేసి చెప్పాను.

"రేపు బస్సుల పంపుత సార్," అంది ఆమె గబగబా. "ఇప్పుడైతే ఫోన్ పెట్టుండ్రి. రెండో నవలల ఒక ముసలామె మాట్లాడుతున్నది, ఆపితే మర్చిపోత."