తిట్లు జతచేయడమైనది

2023 ఆగస్టు. పాల్వంచ బస్టాండు దగ్గర మందుల షాపు పైన ఉన్న రెండు గదుల ఆఫీసులో నేను చేరి అప్పటికి ఏడాదిన్నర. విదేశాల్లో ఉద్యోగం చేసేవాళ్ల పన్ను రిటర్నులు, వాళ్ల ఇంట్లోవాళ్ల వీసా దరఖాస్తులు, రిటైరయ్యాక ఎక్కడ స్థిరపడాలన్న లెక్కలు మా పని. పన్ను పని నాకిష్టం. ఏ ఫారమూ ‘మీకేమనిపించింది’ అని అడగదు. వీసా పని అట్లా కాదు, అందులో ఒకరి ఇంట్లోకి తొంగి చూడాలి. పక్కింటి తలుపు తెరిచి ఉంటేనే మొహం తిప్పుకుని నడిచే మనిషిని నేను.

బాలు టేకులపల్లి దగ్గరి తండా నుంచి వచ్చాడు. థర్మల్ ప్లాంటులో బాయిలర్ దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం. భార్య సునీత ఐర్లాండులో నర్సు, వెళ్లి రెండేళ్లయింది. అతనికి స్పౌజ్ వీసా కావాలి, అంటే భార్య దగ్గరికో భర్త దగ్గరికో వెళ్లేవాళ్లకిచ్చేది. దానికి పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. ఇద్దరూ ఇప్పటికీ భార్యాభర్తల్లాగే ఉన్నారని ఫోటోలతో, మెసేజీలతో చూపించాలి.

వాళ్లిద్దరూ మాట్లాడుకునేది లంబాడీలో. దానికి లిపి లేదు కనుక మెసేజీలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. అక్షరాలు చదవగలను గాని నాకొక్క ముక్క అర్థం కాదు. బాలు చెబుతుంటే రాసుకోవడానికి కూర్చున్నాను. మొదటి మెసేజీ ఆమెది, తెర నిండా ఉంది.

“ఏమన్నారు?”

“పైలం అన్నది మేడం.” అంటే జాగ్రత్త అని.

“ఇంత పొడుగు మెసేజీకి పైలం ఒక్కటేనా?”

“మా భాష గట్లనే ఉంటది.”

తర్వాతిది అంతకన్నా పొడుగు. చివర నాలుగు ఆశ్చర్యార్థకాలు.

“ఇది?”

బాలు ఫోను తనవైపు తిప్పుకున్నాడు. “మస్తు పైలం అన్నది.”

రెండు గంటల తర్వాత నా కాగితం మీద తేలినవి ఇవి: బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను, పైలం. మరీ చప్పగా అనిపించి, అతని తరఫున ఇవ్వాల్సిన స్టేట్‌మెంటును నేనే కాస్త అందంగా రాశాను. ఆమె లేని ఇంట్లో దీపం వెలిగించినా చీకటే మిగులుతుందని ఒక వాక్యం పడింది. తెలుగులో చదివి వినిపిస్తే బాలు కలం పట్టుకుని ఆగిపోయాడు.

“మేడం, నేను గిట్ల మాట్లాడ్తనా?”

“మనసులో ఉంటుంది కదా.”

“ఏమో మేడం. మా ఇంట్ల కరెంటు ఉన్నది.”

అయినా నా మొహం చూసి సంతకం పెట్టాడు.

వీసా రాలేదు. స్టేట్‌మెంటు ఒక రకంగా, మెసేజీలు ఇంకో రకంగా ఉన్నాయని, దాంపత్యం కొనసాగుతోందని నమ్మడానికి అవి చాలవని ఉత్తరం వచ్చింది. ఆఫీసు నడిపే మా సార్ ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లిపోయారు. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు బాలు ఫోనులో సునీత. స్పీకర్ పెట్టాడు.

“ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసి తెచ్చుకున్న నౌకరి మేడం ఇది. రెండోసారి గూడ గిట్లనే అయితే రాజీనామా పెట్టి వచ్చేస్త. ఇగ ఒక్కదాన్ని ఉండుడు నాతోని కాదు. ఇంతకు ఏం మెసేజీలు పంపిన్రు?”

చదివాను.

“పైలమా? నేనన్ననా? ఆయనతోని నేను ఎన్నడన్న గంత మర్యాదగ మాట్లాడిన్నా? ఏమయ్యా, నీ ఎదురుంగ కూసున్న మేడంకు ఏం చెప్పినవు?”

బాలు తల ఎత్తి ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి మెసేజీలన్నీ తర్జుమా చేయడానికి ఇల్లందు వైపు బడిలో పనిచేసే లక్ష్మీబాయి టీచర్‌ను పిలిచాం. రెండు భాషలూ తెలుసు, బాలుకు బంధువు కాదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి మెసేజీ చదివి, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

“రాసుకో బిడ్డా. ‘మూడొద్దుల కిందటి పప్పు ఇయ్యాల గూడ తింటున్నవా? నీది కడుపా, కంపెనీ బాయిలరా?’”

“టీచర్, గది ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడు బాలు.

“ఎందుకు ఇడుస్త? ఇంకోటి చూడు. ‘బీపీ గోళి ఏసుకున్న అని ఫోటో పెట్టినవు. అట్ట మీద నిన్న ఎన్ని గోళీలున్నయో ఇయ్యాల గూడ అన్నే ఉన్నయి. నేను లెక్కపెట్టిన!!!!’”

అవే ఆ నాలుగు ఆశ్చర్యార్థకాలు.

నేను తలొంచుకుని రాస్తూ పోయాను. హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు, డ్యూటీలో మోకాలికి దెబ్బ తగిలితే వారం దాచినందుకు, దాచినట్టు తెలిశాక మళ్లీ దాచినందుకు తిట్లు. వాటన్నింటికీ అతని జవాబు ఒక్కటే, ‘సరే’. సార్ కూడా తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏదో కాగితం వెతుకుతున్నట్టు నటించారు గాని చేతిలో ఏ కాగితమూ లేదు.

ఒక చోట టీచర్ ఆగింది. నవ్వలేదు.

“ఇది బాలు పంపింది. ‘ఇయ్యాల పొద్దుగాల నుంచి నన్ను తిట్టలేదు. డ్యూటీల ఏమైంది?’”

కిందనే ఆమె జవాబు. ఆరు నెలలు తను చూసుకున్న పేషెంటు, ఒక ముసలమ్మ, ఆ రోజు పోయింది. ఏడ్చినట్టు ఎవరికీ తెలియకుండా మొహం కడుక్కుని మళ్లీ వార్డులోకి వెళ్లింది. చివర, ‘నువ్వు తిన్నవా, అబద్ధం చెప్పకు’ అని ఉంది.

బాలు చెవులు ఎర్రబడ్డాయి.

“దాన్ని అన్నింటికన్నా పైన పెట్టమ్మా,” అన్నారు సార్.

స్టేట్‌మెంటు ఈసారి బాలునే చెప్పమన్నాను. నా మాట ఒక్కటీ కలపనని ఒట్టు కూడా పెట్టాను. చాలాసేపు గొంతు సవరించుకుని చెప్పాడు: “సునీత నన్ను రోజు తిడ్తది. ఫోన్ల సగమే ఇనపడ్తది. మిగిలిన సగం ఇననీకి పోతున్న.”

ఇంగ్లీషులో రాయడానికి నాకు రోజంతా పట్టింది. అలంకారాలు తగిలించడం సులువే, తగిలించకుండా ఉండటానికే చేతులు కట్టేసుకున్నంత పనయింది. కట్టలో మూడో అనెక్చర్, అంటే జతచేసే కాగితాల భాగం, మొత్తం తిట్లే. ప్రతి పేజీ మీదా లక్ష్మీబాయి టీచర్ సంతకం.

వీసా వచ్చింది. ఆ మాట చెప్పడానికి బాలు ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. అదే నిమిషంలో సునీత నుంచి ఒక పొడుగు మెసేజీ. ఏముందని అడిగాను.

“మోకాలు అట్లున్నది, మెట్లు మెల్లగ ఎక్కమన్నది మేడం,” అన్నాడు, ఆయాసపడుతూ.

ఆ కేసు నాకు ఒక ప్రశ్న మార్చుకోవడం నేర్పింది. ఇదివరకు ‘మీరిద్దరూ ప్రేమగా రాసుకున్నవేమైనా ఉన్నాయా’ అని గొణుగుతూ అడిగేదాన్ని. వచ్చినవాళ్లు సిగ్గుపడేవారు, నేను ఇంకా సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ‘ఈ మధ్య దేని గురించి గొడవపడ్డారు’ అని అడుగుతున్నాను. మొన్న మస్కట్‌లో భర్త ఉన్న ఒకావిడ ఆ ప్రశ్న విని, సంచీ కింద పెట్టి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

“ఎక్కడి సంది షురూ చెయ్యాలె మేడం?”