సర్కస్ పిల్లకు మా అత్త తీసిన దిష్టి

మా అత్త కాదంటే కాదు. గుడియాత్తం బజారులో మా లుంగీల అంగడికి వచ్చే బేరగాళ్ళకే ఆ సంగతి తెలుసు, ఇక కోడలికి తెలియదా! నా కూతురు బళ్ళో తాడు మల్లకంబం నేర్చుకుంటోంది. పైనుంచి వేలాడే తాడును కాళ్ళకు చుట్టుకుని గాల్లో ఆసనాలు వేయాలి. ఆదివారం ఆలంగాయంలో పోటీ. ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోవాలని తెలిసేసరికి మా అత్త అడ్డం పడింది. మా ఆయన వాళ్ళమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే వేలూరుకు విదేశీ సర్కస్ వచ్చింది.

"అత్తా, ఒకతూరి వచ్చి చూడు. చూసినాక కూడా వద్దంటే నేనింక నోరెత్తను," అన్నాను.

"సిగ్గూ శరం లేని తెల్లోళ్ళ ఆట నేను చూసేదా? సరే, పద. చూసొచ్చి కూడా వద్దనే అంటా," అంది.

బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూస్తూ ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ రోజు సంచిలో రెండు వేసుకుంది, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.

డేరాలో కూర్చున్నప్పటి నుంచీ తిట్లే. "వీళ్ళకి అమ్మా నాయనా ఉండారా లేదా? యాడ పెరిగినారో!" ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. లేచిపోదామనిపించింది. కానీ పోటీ సంగతి తేలకుండా కదిలేది లేదని పళ్ళు బిగించి కూర్చున్నాను.

అంతలో ఒక తెల్లపిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. బిగుతు బట్టల్లో తాడు పట్టుకుని సరసర పైకెక్కి, ఒంటికాలితో తలకిందులుగా వేలాడింది.

"చూడు చూడు, ఆ బట్టలూ ఆమె..." అని మా అత్త అంటుండగానే ఆ పిల్ల పట్టు జారి దబ్బున కింది వలలో పడింది. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల లేచి, చేతులు దులుపుకుని, మళ్ళీ తాడెక్కింది. ఈసారి జారలేదు. డేరా అంతా చప్పట్లు. మా అత్త కళ్ళలో మాత్రం నీళ్ళు.

"నా దిష్టే తగిలింది బిడ్డకి," అంది.

"అదేం లేదత్తా."

"నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తొద్దు! వచ్చినప్పటి నుంచీ తిడతానే ఉండా కదా?"

ఆట ముగియగానే డేరా వెనక్కి నడిచింది. కాపలా మనిషి అడ్డుపడితే, పెద్దామె రెండే నిమిషాల్లో వచ్చేస్తుందని తమిళంలో వాదించి నేనే దారి ఇప్పించాను. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. మా అత్త తిన్నగా పోయి ఆమె అరచెయ్యి తిప్పి చూసింది. తాడు ఒరుసుకుని ఎర్రగా కాయలు కాచిన చెయ్యి.

"మన పాప చేతులట్లే ఉండాయే," అంది నాతో.

సంచిలోంచి నిమ్మకాయ తీసింది. తనకిస్తున్నారనుకుని ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి చాచింది. మా అత్త ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. "అయ్యో, నువ్వు ముట్టకూడదమ్మా!" ఆమె చుట్టూ నిమ్మకాయను మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అన్నిటికన్నా ముందు నా దిష్టి పోవాల," అని కాలికింద వేసి తొక్కింది. పిల్లకు ఏం అర్థమయిందో ఏమో, లేచి మా అత్తను వాటేసుకుంది. మడీ గిడీ అనే మనిషి ఆ పిల్ల వీపు నిమిరింది.

తిరుగు బస్సు పళ్ళికొండ దాటేసరికి మా అత్త ముఖం పాలిపోయింది. ఆదివారం సంగతి అడగాలని నాకు నాలుక చివరి దాకా వచ్చింది. ముందు ఆమె ప్రాణం కుదుటపడనీ అనుకుని, "ఇంకో నిమ్మకాయ ఉందిగా, తియ్యి," అన్నాను.

ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇది ఆలంగాయానికి. ఆదివారం మన బిడ్డ మీద ఎన్ని కండ్లు పడతాయో! నాకు వాంతి అయితే కానీలే."