లొంగిపోయిన గాబ్లిన్

మార్నా డ్రేగర్ స్కూలు బస్సు నడుపుతుంది. అమెరికాలో విన్నెబేగో సరస్సు ఒడ్డున ఒష్‌కోష్ ఊళ్ళో ఆమె బస్సెక్కకుండా పెద్దయిన పిల్లలు తక్కువ. యాభై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, పొదుపైన మాట. పిల్లలు అల్లరి చేస్తే అద్దంలోంచి ఒక్క చూపు చూస్తుంది, బస్సంతా సద్దుమణుగుతుంది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి అన్న రోలీ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగి, బల్ల చివర కూర్చుని, ముసలి మంత్రగత్తెలా దగ్గుతుందనీ, భూతంలా గర్జిస్తుందనీ, సత్రం నడిపేవాడిలా బేరాలాడుతుందనీ ఆ పిల్లలకి చెప్పినా నమ్మరు.

అది పాచికల ఆట. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక వేషం ఎంచుకుంటారు. ఒకరు కత్తి తిప్పేవాడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. ఏం చేస్తారో నోటితో చెప్తారు, అది జరిగిందీ లేనిదీ పాచిక తేలుస్తుంది. ఆట నడిపే మనిషి ఒక్కరే. దారిలో ఎదురయ్యే రాజుకీ, రాక్షసుడికీ, బిచ్చగాడికీ ఆ ఒక్కరే గొంతివ్వాలి. హైస్కూలు రోజుల నుంచీ ఆ కుర్చీ మార్నాదే. రోలీ, లైబ్రరీలో పనిచేసే నోరీన్, నోరీన్ భర్త డ్వేన్ ఆడేవాళ్ళు. తను నోరు విప్పితే ఆ ముగ్గురూ చిప్స్ నమలడం ఆపి వింటారే, ఆ క్షణం కోసమే వారమంతా ఆ బస్సు నడుపుతున్నానని మార్నాకి అనిపించేది.

మాజీ మొగుడికి ఈ ఆట గిట్టేది కాదు. నలుగురిలో ఆమె గొంతుల్ని వెక్కిరించి నవ్వించేవాడు. అందుకే ఎల్డన్ టెష్‌తో పరిచయం పెరిగాక కూడా ఆమె చాలాకాలం ఆదివారాల సంగతి బయటపెట్టలేదు. అన్న ఇంటికి భోజనానికి వెళ్తున్నానని చెప్పి ఊరుకునేది.

ఎల్డన్ ఆమె ఇంటికి, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు బాగుచేయడానికి వచ్చినవాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. లూథరన్ చర్చిలో పాటల బృందంలో పాడతాడు. ఫర్నేసు పక్కన సాలీడు కనిపిస్తే కాగితం మీదకి ఎక్కించి బయట వదిలిపెట్టి వచ్చాడు. ఆ సాలీడుతోనే మార్నా పడిపోయిందని నోరీన్ తర్వాత వేళాకోళం చేసేది. అది నిజమే కూడా.

ఒక శుక్రవారం ఊరి పాత భోజనశాల సప్పర్ క్లబ్‌లో వేయించిన చేపలు తింటూండగా మార్నా ధైర్యం చేసి చెప్పేసింది. చెప్తూ ప్లేటులోకే చూస్తూ కూర్చుంది, నవ్వుతాడేమోనని. ఎల్డన్ నవ్వలేదు. మూతి తుడుచుకుని, నన్నూ తీసుకెళ్తావా అని అడిగాడు. ఆ మాటకి ఆమెకి కళ్ళు చెమర్చినంత పనైంది.

మర్నాడు ఇద్దరూ ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని అతని వేషం తయారుచేశారు. ఎల్డన్ దైవభక్తి గల యోధుణ్ణి కోరుకున్నాడు. మెడలో శిలువలాంటి గుర్తు, చేతిలో గద. ఇరవై ముఖాల పాచికని ఎలా చదవాలో, గాయం తగిలితే ఏం తీసేయాలో ఆమె ఓపిగ్గా నేర్పింది. తన ప్రాణమంతా ఒక మనిషి అరచేతిలో పెడుతున్నట్టుంది ఆమెకి.

మొదటి కొన్ని ఆదివారాలూ ఎల్డన్ కొత్త పెళ్ళికొడుకులా ముడుచుకుని కూర్చున్నాడు. గుమ్మడికాయ కేకు చేసి తెచ్చేవాడు. తన వంతు వస్తే మిగతావాళ్ళని అడిగి మరీ పాచిక వేసేవాడు. రోలీకి తెగ నచ్చాడు. ఇన్నాళ్ళకి ఒక మనిషిని తెచ్చావని చెల్లెలి వీపు మీద చరిచాడు కూడా.

నవంబరులో, బయట తొలి మంచు పడుతున్న మధ్యాహ్నం, కథ ఒక గుహ దాకా వచ్చింది. గుహ ముందు కాపలాకి ఒక గాబ్లిన్ ఉంది. గాబ్లిన్ అంటే నడుం ఎత్తున్న పచ్చటి పిశాచం, దొంగబుద్ధి, పిరికిది. ఈ నలుగుర్నీ చూడగానే బల్లెం కింద పారేసి మోకాళ్ళ మీద పడింది. మార్నా దానికి సన్నటి, ముక్కుతో పలికే గొంతు ఇచ్చింది. చంపొద్దు బాబూ, లోపల ఎంతమంది ఉన్నారో చెప్తాను, నాకు పిల్లలున్నారు అని వణికింది. డ్వేన్ నవ్వాడు. ఎప్పుడూ జరిగేదే. ఇక దాన్ని నాలుగు ప్రశ్నలడిగి, చెట్టుకి కట్టేసి, లోపలికి పోతారు.

"దాని వేలు కోస్తాను" అన్నాడు ఎల్డన్.

అది చెప్పేస్తానంటోంది కదా అంది నోరీన్. చెప్పనీ అన్నాడు ఎల్డన్, ఫర్నేసులో ఏ భాగం మార్చాలో చెప్పే గొంతుతోనే. పాచిక వేశాడు. పెద్ద సంఖ్యే పడింది. మార్నా ఆట నడిపే మనిషి, పాచిక చెప్పింది జరగాలి. వేలు తెగిందని చెప్పి, గాబ్లిన్ అరుపు అరిచింది. ఆ అరుపు బాగా వచ్చింది. ఆమెకి ఎప్పుడూ బాగానే వస్తుంది.

ఎల్డన్ ముందుకి వంగాడు. అతను బల్ల మీద గాబ్లిన్‌కి గుర్తుగా పెట్టిన చిన్న బొమ్మని చూడటం లేదు. మార్నా నోటిని చూస్తున్నాడు.

"ఇప్పుడు ఆ వేలు దానిచేతే తినిపిస్తాను. తింటూ ఏమంటుందో చెప్పు."

రోలీ ఛీ అని నవ్వుతూనే చిప్స్ గిన్నెలో చెయ్యి పెట్టాడు. డ్వేన్ కూడా నవ్వాడు, ఇబ్బందిగా. మార్నాకి ఆపేయాలని తోచలేదు. అన్నేళ్ళ అలవాటు నోటిని లాక్కుపోయింది. ఆ ముక్కు గొంతుతోనే నిండిన నోటితో ఏడ్చింది, వెక్కింది, బతిమాలింది. ఎల్డన్ పెదాలు కొద్దిగా విడివడ్డాయి. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఆమె ఎరిగినదే, కానీ ఈ గదిలో, ఇంతమందిలో చూడవలసినది కాదు. మళ్ళీ అను, కొంచెం నెమ్మదిగా అన్నాడు.

మార్నా ఆ చిన్న బొమ్మని బల్ల మీద పడుకోబెట్టింది. గాబ్లిన్ గుండె ఆగి చచ్చిపోయిందని చెప్పేసింది.

"అప్పుడేనా?" అన్నాడు ఎల్డన్. మిఠాయి లాక్కుంటే పిల్లాడు పెట్టే ముఖం పెట్టాడు.

ఇంటికి వస్తూ దారిలో అతను చర్చి పాట కూనిరాగం తీశాడు. గుమ్మం దగ్గర ఆమెని ముద్దు పెట్టుకుని వెళ్ళాడు. మార్నా లోపలికొచ్చి పళ్ళు తోముకుంది. ఉమ్మేసి మళ్ళీ తోముకుంది. అయినా నోట్లో ఏదో నమిలినట్టే ఉంది.

ఆటే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ బల్ల మీద ఇన్నేళ్ళలో ఎన్ని తలలు తెగలేదు, తనే ఎంత ఉత్సాహంగా రక్తం వర్ణించలేదు? కానీ అవన్నీ మీదకొచ్చి పడినవి. బల్లెం పారేసి మోకాళ్ళ మీద పడినదాన్ని ఎవరూ ఏమీ చేసింది లేదు. అయినా ఎందుకైనా మంచిదని తర్వాతి ఆదివారానికి బందీలు లేని కథ అల్లింది. తాళం వేసిన తలుపులు, రాతిబొమ్మలు, దాటవలసిన నది.

నది దాటాలంటే పడవ కావాలి. పడవవాడికి ఒక ముసలి తల్లి ఉంది. ఆమె దారి తప్పు చెప్పిందని ఎల్డన్ పట్టుకున్నాడు. నిజానికి తప్పు చెప్పలేదు, ఆమె చెవిటిది. మార్నా అదే చెప్పింది. ఎల్డన్ విననట్టే ముసలమ్మని జుట్టు పట్టి నీళ్ళలో ముంచుతానని పాచిక అందుకున్నాడు.

"ఆ గొంతు నేను ఇవ్వను" అంది మార్నా.

"పోయిన వారం ఎంత బాగా చేశావు" అన్నాడు అతను, నిజంగానే మెచ్చుకుంటూ.

ఆమె పాచికలన్నీ పెట్టెలో వేసుకుని పైకొచ్చేసింది. వంటింట్లో రోలీ పొయ్యి మీద మాంసం, చిక్కుడు గింజలు వేసిన చిల్లీ కూర ఉడుకుతోంది. ఆ ఎర్రటి బుడగలు చూసి తట్టుకోలేక వెనక తలుపు తీసుకుని మంచులోకి పోయి, చెత్త డబ్బాల పక్కన నిలబడి వాంతి చేసుకుంది. రోలీ కోటు కూడా వేసుకోకుండా వెనకే వచ్చాడు.

"నీకేం పట్టిందే? పాపం మనిషి కొత్తవాడు. సరదాకి ఏదో అన్నాడు."

"ఆ రోజు నువ్వు చిప్స్ తింటున్నావు రోలీ" అంది ఆమె.

"తింటే?"

ఆమె గుప్పెడు మంచు తీసి మూతి తుడుచుకుంది. ఆ మాట ఎందుకన్నదో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే ఎల్డన్ ఆమె వంటింట్లో కూర్చున్నాడు. తప్పించుకోలేదు, కోపగించుకోలేదు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, అర్థం చేసుకోవాలని నిజంగా ప్రయత్నిస్తున్న మనిషిలా అడిగాడు.

"నేనెవరినైనా ఒక దెబ్బ కొట్టానా మార్నా? మా ఆవిడని అడగడానికి లేదు గానీ, చర్చిలో ఎవరినైనా అడుగు. ఒక మాట అన్నానేమో అడుగు."

అనలేదని నాకు తెలుసంది మార్నా.

"మరి? అక్కడ ఉన్నది ఎవరు? ఎవరూ లేరు. నువ్వే ఉన్నావు." కొంచెం సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "అంత బాగా ఏడుస్తావు నువ్వు. బయట ఎక్కడ దొరుకుతుంది నాకు అది?"

తన మాట ఎంత దూరం పోయిందో అతనికి తెలియనే లేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె వేళ్ళు పట్టుకుని నిమిరాడు. ఒక్కొక్క వేలే, మొదలు నుంచి గోరు దాకా. మార్నా చెయ్యి లాక్కుని సింకు దగ్గరికి పోయి వేడినీళ్ళ కింద పెట్టింది.

వెంటనే తెంచుకోలేదు. తన మీద తనకే అనుమానం. అతన్ని గమనించసాగింది. సప్పర్ క్లబ్‌లో వడ్డించే అమ్మాయి అతని చొక్కా మీద సాసు ఒలకబోస్తే, పోనీలేమ్మా అని నవ్వాడు. దారిలో మీదికి మొరిగిన కుక్కని బుజ్జగించాడు. పక్కింటి ముసలాయన గుమ్మం ముందు మంచు ఎత్తిపోశాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఏమీ దొరకని కొద్దీ ఆమెకి రోత పెరిగింది. అతను బ్రెడ్డు ముక్క సూపులో ముంచి, కారుతూండగా నోట్లో పెట్టుకుంటే తల తిప్పుకునేది. అతను వండి తెచ్చింది ముట్టుకోలేకపోయేది. గిన్నె కడిగి తిరిగిచ్చేది. అంతకంటే కంపరమెత్తించేది ఇంకోటి. బస్సులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ గాబ్లిన్ గొంతు తనంతట తానే గొంతులోకి వచ్చేది, ముక్కుతో, తడిగా. అంత బాగా చేసినందుకు ఒకప్పుడైతే గర్వపడేది.

క్రిస్మస్‌కి ముందే ఇక రావద్దని చెప్పేసింది. ఎల్డన్ ఏడ్చాడు. నేనేం చేశానో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అతను తలూపాడు గానీ ముఖంలో ఏమీ వెలగలేదు. చర్చిలో ఆడవాళ్ళు మార్నాని చూసి మూతులు ముడుచుకున్నారు. బొమ్మలాట కోసం బంగారం లాంటి మనిషిని వదులుకుందని ఊరంతా పాకింది.

ఊరు ఏమనుకున్నా ఓర్చుకుంది. రోలీ చేసినది మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఆటగాడు తగ్గితే ఎలా అని అతను ఎల్డన్‌ని ఆదివారాలు రమ్మన్నాడు. మార్నా రానంటే తనే ఆమె కుర్చీలో కూర్చున్నాడు. సంగతి విని ఆమె అన్నకి ఫోన్ చేసి, ఆ బేస్‌మెంట్‌లో ఇక కాలు పెట్టనని చెప్పింది. నీకు అహం ఎక్కువైందన్నాడు రోలీ.

జనవరి చివర్లో నోరీన్ వచ్చింది. చాలాసేపు బూట్ల మంచు దులుపుకుంటూ నిలబడి, ఆఖరికి చెప్పింది. ఎల్డన్ ఆటకి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడంటే, రోలీకి గొంతులు రావు. ఎల్డన్ ఎవరినో పట్టుకుని ఏదో చేస్తానంటే రోలీ, సరే, అది ఏడ్చింది, తర్వాత? అనేవాడట, కిరాణా సామాను చదివినట్టు. రెండు ఆదివారాలు చూసి, ఇక్కడ ఏమీ లేదని ఎల్డన్ లేచిపోయాడట.

"ఆ రోజే నేను నోరు తెరవాల్సింది" అంది నోరీన్. "నాకూ రోత పుట్టింది. అయినా కూర్చున్నాను."

మార్నా ఊఁ అంది. ఫరవాలేదని మాత్రం అనలేదు.

ఇప్పుడు ఆట నోరీన్ ఇంట్లో సాగుతోంది. మార్నా మళ్ళీ నడుపుతోంది. రోలీ కూడా వస్తాడు, క్షమించమని అడగలేదు, ఆమె కూడా అడగమనలేదు. మంత్రగత్తె దగ్గూ, భూతం గర్జనా పూర్వంలాగే వస్తాయి. ఎవరైనా లొంగిపోయే ఘట్టం వస్తే మాత్రం ఆమె మామూలు గొంతుతో, లొంగిపోయింది అని చెప్పి ఊరుకుంటుంది.

ఎల్డన్ అప్పుడప్పుడు సూపర్ మార్కెట్లో ఎదురవుతాడు. మొన్న మాంసం కౌంటరు దగ్గర పలకరించాడు. ఫర్నేసు సరిగ్గా పనిచేస్తోందా, ఫిల్టరు మారుస్తున్నావా అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. చేతిలో కాగితంలో చుట్టిన మాంసం సాసేజ్‌లు ఉన్నాయి, వేళ్ళంత వేళ్ళంతవి. మార్నా సామాన్లతో నిండిన తోపుడు బండిని అక్కడే వదిలేసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేసింది.