గుమోక్ పెరట్లో ఎండిన ఓక్ కాయలు

మీరు గుమోక్‌గారిని ఒక్కసారైనా కలిసి తీరాలి. బుసాన్‌లో కొండ అంచు దాకా మెట్లు మెట్లుగా పాకిన ఒక వాడ ఉంది, ఆ వాడకి పెద్ద ఆవిడే. అరవై మూడేళ్లు, పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. ఎండైనా గొడుగే, మబ్బైనా గొడుగే. ఎందుకంటే అక్కడ అడవి పంది ఎదురవడం పక్కింటాయన ఎదురవడం లాంటిదే. బస్‌స్టాప్ బెంచీ పక్కన పంది నిలబడి ఉంటుంది. మందుల షాపు అద్దంలో తన బొమ్మే చూసుకుని తలతో కుమ్మేస్తుంది. ఉన్నట్టుండి వాడలో ఫోన్లన్నీ ఒకేసారి గీపెడతాయి: పంది దిగింది, బయటికి రాకండి.

"పరిగెత్తకూడదు, వీపు చూపించకూడదు. గొడుగు ఫట్‌మని తెరిచి దాని వెనక కూర్చోవాలి. పందికి అది బండరాయిలా కనిపిస్తుంది," అని గుమోక్ వీధివీధికీ తిరిగి చేసి చూపించేది.

"అక్కా, నిన్న నువ్వు తెరిచిన గొడుగుకి పందేమో కదల్లేదు, మా ఆయన మాత్రం పారిపోయాడు," అనేది ఎదురింటి బొక్హీ.

"మంచిదేగా, పూటకో మెతుకు మిగులుతుంది నీకు!"

గొడుగు కంటే ఆవిడ పట్టుదల అంతా ఓక్ కాయల మీద. కొండ దారి మొదట్లో ఒక చెక్క పెట్టె ఉంది. కొండ మీద ఏరిన కాయలు ఇంటికి పట్టుకుపోకుండా అందులో వేసి పోవాలి, చలికాలంలో వాటిని మళ్లీ అడవిలో చల్లుతారు. ఆదివారాలు గుమోక్ ఆ పెట్టె పక్కనే కాపు కాసి, దిగివచ్చేవాళ్ల జేబులు తడిమినంత పని చేసేది. "అది పంది తిండి! దాని తిండి మీరు తింటే అది మీ వంటింటికి వస్తుంది, ఆలోచించండి!"

మరి ఓక్ కాయల పిండితో చేసే ముక్ అంటే ఆవిడకి ప్రాణం. జున్నులా వణుకుతుంది, నాలుక మీద కాస్త వగరు. కొట్లో కొన్నది నోట్లో పెడితే తడి కాగితం నమిలినట్టుంటుంది ఆవిడకి. మూడేళ్ల కిందట ఒక గుప్పెడు కాయలు పెట్టెలో వెయ్యడం "మర్చిపోయి" ఇంటికి తెచ్చింది. మరుసటి ఏడు ఒక సంచి. మొన్న శరదృతువులో వెనక పెరట్లో చాప నిండా ఎండుతున్నాయి, పక్కన తొట్టిలో ఇంకో సగం నానుతున్నాయి. వాడ పెద్దగారి పెరట్లోకి ఎవరు తొంగిచూస్తారు?

పంది చూసింది. అక్టోబర్‌లో ఒక పొద్దున, గుమోక్ బియ్యం కడుగుతుంటే వెనక కంచె ఫెళ్లుమంది. తలుపు తీస్తే, చాప మీద మూతి పెట్టి కరకరా నములుతోంది, దూడంత పంది. గొడుగు గుర్తే రాలేదు. చేతిలో ఉన్న స్టీలు గిన్నె గోడకేసి కొట్టింది. పంది బెదిరి పక్క సందులోంచి ముందు మెట్ల మీదికి దూసుకుపోయింది. అప్పుడే చెత్త సంచి పట్టుకుని దిగుతున్న బొక్హీని గుద్దుకుంటూ పోయింది.

బొక్హీ అరుపు గుమోక్‌కి వినిపించింది. "అక్కా! అక్కా, కాలు!"

గుమోక్ చీపురు అందుకుంది. ముందు కాయలు ఊడ్చింది. చాప చుట్టి కొట్టుగదిలో పడేసింది, తొట్టి మీద దుప్పటి కప్పింది. ఆ తర్వాతే వీధిలోకి పరిగెత్తింది. అప్పటికి ఇంకెవరో అంబులెన్స్‌కి ఫోన్ చేసేశారు.

చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆ వారమే వాడ మీటింగ్ పెట్టారు. గుమోక్ కంచె వెనక, కాస్త ఎత్తులో, దొక్సు అనే పెద్దాయనది చిన్న చిలగడదుంపల మడి ఉంది. భార్య పోయాక ఆయనకి అదే లోకం.

"దుంపల వాసనకే వచ్చింది, ఇంకేముంది?" అన్నాడు బొక్హీ మొగుడు. "తాతగారి సరదాకి మా ఆవిడ కాలు పోయింది!"

దొక్సు తల వంచుకుని, "తప్పు నాదేనేమో," అన్నాడు.

"వాడ పెద్దగా మీరు చెప్పండి," అన్నారందరూ.

గుమోక్ గొడుగు పిడి తిప్పుతూ అంది, "మడి తీసేస్తే... మంచిదేమో."

రెండ్రోజులు దొక్సు ఒక్కడే మడి తవ్వి దుంపలన్నీ తీసేశాడు. మూడో రోజు పొద్దున ఒక సంచి దుంపలు పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వచ్చాడు. "నా మడి గురించి అందరి ముందూ మీరు తీర్పు చెప్పాల్సి వచ్చింది, గుమోక్‌గారూ. ఇవి తీసుకోండి."

ఆవిడ సంచి అందుకోలేదు. అక్కడే గడప మీద కూలబడి అంతా చెప్పేసింది. చాప, తొట్టి, చీపురు కూడా.

ఆయన దుంపల సంచి గోడకి ఆనించాడు. "నాకు తెలుసు. మా మడిలోంచి మీ పెరడు కనిపిస్తుంది," అన్నాడు.

"మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదు, బాబాయిగారూ?"

"మీరు అరుస్తారు కాబట్టే ఈ వాడలో జనం కాయలు పెట్టెలో వేస్తున్నారు, పిల్లలు గొడుగులతో బడికి పోతున్నారు. మీ మాట పోతే ఇంకెవరి మాట వింటారు? మడి పోయింది, పోనివ్వండి. ఎవరికీ చెప్పకండి."

ఆ మాట వినగానే గుమోక్‌కి ఊపిరి తేలికైంది. ఆ తేలిక తలుచుకుంటేనే ఇప్పటికీ ఆవిడ చెవులు ఎర్రబడతాయి. ఆయన పెద్ద మనసు చూపిస్తే, ఈవిడ దాన్ని రెండు చేతులా లాక్కుని దాచుకుంది. బొక్హీకి రోజూ జావ కాచి తీసుకెళ్తుంది. "నువ్వు లేకపోతే నా గతేంటక్కా," అంటుంది బొక్హీ. గుమోక్ గిన్నె వైపు చూస్తూ గరిట తిప్పుతుంది.

తర్వాత రెండు మీటింగులు జరిగాయి. రెండింట్లోనూ ఆవిడ గొడుగు గురించే మాట్లాడింది. దొక్సు చివరి వరసలో కూర్చుని తలూపాడు.

దొక్సు ముసలాయన చెప్పింది నిజమే కావచ్చు. ఆవిడ నోరు విప్పితే ఆ చెక్క పెట్టె ఖాళీ అయిపోవచ్చు. కానీ ఆయన మడి? బొక్హీ కాలు? చెప్పండి, ఆ గడప మీద మీరు కూర్చుని ఉంటే ఏం చేసేవారు?