మా ముత్తాత వేయించిన ప్రకటన

దొరికింది. ముందు ఈ మాట చెప్పేస్తే గాని మిగతాది నిదానంగా చెప్పలేను. ఇల్లు వదిలి వెళ్లిపోయిన కొడుకు కోసం మా ముత్తాత పేపర్లో వేయించిన ప్రకటన దొరికింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని కోసం నేను పడ్డ పాట్లు మాత్రం లారీకెత్తాలి.

ముత్తాత అంటే మా అవ్వ వాళ్ల నాయన. అవ్వ మా నాయనకు అమ్మ, తిరుపతిలో మాతోనే ఉంటుంది. ఆమె పుట్టిల్లు చిత్తూరు దాటాక, తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక పల్లె. ఇద్దరు తమ్ముళ్లు. పెద్ద తమ్ముడికి పదహారేళ్లప్పుడు, గానుగలు ఆడే కాలంలో, బెల్లం పాకం మాడబెట్టాడని వాళ్ల నాయన నలుగురి ముందూ చెరుకు గడతో కొట్టాడు. ఆ సాయంత్రం ఎటో వెళ్లిన పిల్లవాడు మళ్లీ రాలేదు. అప్పటికి అవ్వ అత్తగారింట్లో ఉంది, మా నాయన కడుపులో ఉన్నాడు.

కొట్టినందుకు ఆమెకు కోపం లేదు. ఆ రోజుల్లో ఎవరు కొట్టలేదు? వెతకనందుకు కోపం. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గదా, తీసుకుపోను మనుషులొస్తే వెనక్కి పంపించేసింది. కొడుకును వెతకని ఇంట్లో నా బిడ్డ పుట్టక్కర్లేదు అందట. వాళ్లమ్మే మూట కట్టుకుని వచ్చి ఈ ఇంట్లో కాన్పు చేసి పోయింది. ఆ తర్వాత అవ్వ పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి పోయిన రోజు కూడా వీధిలో నిలబడి చూసి, అదే బస్సుకు తిరిగొచ్చింది.

చిన్న తమ్ముడు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. నేను తాత అంటాను. ఆయన మా ఇంటికి వస్తాడు, బెల్లం తెస్తాడు, అక్క చేతి ముద్ద తిని పోతాడు. అక్క మాత్రం అటు పోదు. మన నాయన అన్న కోసం పేపర్లో వేయించినాడు, నన్ను గూడా వెంట తీసుకుపోయినాడు అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా, తండ్రిని వెనకేసుకొస్తున్నాడని అవ్వ కొట్టిపారేసేది.

ఈమధ్య తాతకు గుండెలో స్టెంటు వేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పోగానే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి అవ్వకు ఇచ్చాను.

"అక్కా, ఒగసారి ఇంటికి రా. నేనుండంగానే వచ్చి పో."

 అవ్వ అంది: "ఆ పేపరు తెచ్చి నాకు చూపించు. ఆ పొద్దే వస్తా."

తాతకు చదువు రాదు. అవ్వకూ రాదు. మా నాయనకు సంతకం వరకూ వచ్చు. అందరూ నావైపు చూశారు. మా ఇంట్లో డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. ఆ సంగతి మా నాయన పాలవాడికి కూడా రెండుసార్లు చెప్పి ఉన్నాడు. "అంత లావు బుక్కులు చదివినావు, ఒగ పేపరు ముక్క ఎతకలేవా?" అన్నాడు. ఎతుకుతాను అన్నాను. ఎంత హుషారుగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మొదటి చిక్కు, ఏ సంవత్సరం అన్నది. మా నాయన పుట్టిన ఏడు తెలిస్తే సరిపోయేది. ఆయన సర్టిఫికెట్లో ఉన్నది బళ్లో చేర్చుకోవడానికి అయ్యవారు వేసిన వయసు. ఆధార్‌లోకీ అదే ఎక్కింది. అవ్వనడిగితే, చెరుకు బాగా పండిన ఏడు అంటుంది. తాతనడిగితే, బావిలో నీళ్లు చేతికందిన ఏడు అంటాడు. చివరికి మూడు నాలుగు చలికాలాలు మొత్తం చూడాలని తేల్చుకున్నాను.

నాకు శ్రీ సిటీలో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, సూళ్లూరుపేటలో హాస్టల్లో ఉంటాను. వారానికొక సెలవు. ఆ సెలవులన్నీ చిత్తూరు బస్సుకే పోయాయి. అక్కడి ఒక గ్రంథాలయంలో అడిగితే, పాత పేపర్లు కింది గదిలో ఉన్నాయి, తాళం చెవి ఉన్న ఆయన లీవులో ఉన్నాడు అన్నారు. తర్వాతి వారం ఆయన వచ్చాడు, కరెంటు లేదు. ఆ తర్వాతి వారం రెండూ ఉన్నాయి, గది నిండా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలున్నారు. పేపర్ల కట్ట దించాలంటే వాళ్లు లేవాలి. ఒకమ్మాయి లేస్తూ, ఇది ఏ పరీక్షకు అక్కా అని అడిగింది.

తీరా కట్టలు విప్పితే చెదలు. చెదలు తినని చోట బ్లేడు. ఎవరో ఓపిగ్గా సినిమా బొమ్మలన్నీ కత్తిరించుకుపోయారు. బొమ్మ ముందు పేజీలో ఉంటే ప్రకటనలు దాని వెనక ఉంటాయి. ఒక హీరోయిన్ మొహం పోయినప్పుడల్లా వెనక ఎవరింటి సంగతో పోయింది. ఆ కిటికీల్లోంచి అవతలి పేజీ కనిపిస్తుంటే ఏడుపొచ్చేది.

మిగిలినవాటిలో చదవనిది లేదు. తప్పిపోయిన ఎద్దులకు కొమ్ముల తీరు, తోక కుచ్చు రంగు, సుడి ఎక్కడుందో అన్నీ రాశారు. మనుషులకు మాత్రం చామనచాయ అని ఊరుకున్నారు. నా భార్య చేసే అప్పులకు నేను పూచీ కాదని ఒకాయన వేయించాడు. రెండు వారాల తర్వాత, అసలు నేనే ఆయన్ని వదిలేశానని ఆమె వేయించింది. పారిపోయిన పిల్లలకు తండ్రులు రాసినవి వేరే ఉన్నాయి. పరీక్ష తప్పినా పర్వాలేదు రా. సైకిలు కొనిస్తాను రా. అవి వచ్చినప్పుడల్లా ముందు కింద ఊరి పేరు చూసి, మా వాళ్లది కాదని పేజీ తిప్పేదాన్ని.

చిత్తూరులో అప్పట్లో ఒక వారపత్రిక ఉండేదని ఎవరో చెబితే ఆ ప్రెస్సు వెతుక్కుంటూ పోయాను. ఇప్పుడది ఫ్లెక్సీలు వేసే షాపు. పత్రిక నడిపినాయన మనవడు కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చాలా మంచి మనిషి. పాత పేపర్లన్నీ ఇల్లు మారేటప్పుడు పొట్లాలు కట్టుకోమని బొరుగుల అంగడికి వేసేశామని చెప్పాడు. ఎప్పుడన్నాను. పోయిన ఏడాది అన్నాడు. 

తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉంటాయన్నారు. మా కాలేజీ కాదు కాబట్టి ఉత్తరం కావాలన్నారు. మా కాలేజీకి పోతే, నువ్వు పాసైపోయావు గదా, ఇప్పుడు మా విద్యార్థివి కాదు, ఉత్తరం ఎట్లా ఇస్తాం అన్నారు. ఫెయిలై ఉంటే పని జరిగేది. అంత కష్టపడి తెచ్చుకున్న డిగ్రీ ఆ గుమ్మం దగ్గర నాకే అడ్డం నిలబడింది.

ఈలోగా ఇంటికి పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న. దొరికిందా? లేదంటే అవ్వ ఏమీ అనేది కాదు, చిన్నగా తలూపేది. ఉంటే గదా దొరికేది అని ఆ తలూపుకు అర్థం. ఒక వారం నాకూ అదే అనుమానం వచ్చింది. విసిగిపోయి తాతకు ఫోన్ చేశాను. ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నాను. ఆయన బస్సు గురించి చెప్పాడు, తిన్న ఇడ్లీల గురించి చెప్పాడు, ధడధడ కొట్టుకునే పెద్ద మిషను గురించి చెప్పాడు. ఆఫీసులో కూర్చున్న మనిషి, రాసింది ఒకసారి పైకి చదివి వినిపించాడని చెప్పాడు. అరవంలో గడగడా చదివేసినాడు అన్నాడు.

"అరవంలోనా?"

"మరి రాయవేలూర్లో ఇంగిలీసులో చదువుతారా?"

రాయవేలూరంటే సరిహద్దు అవతల తమిళనాడులోని వేలూరు. నేను వెతికింది తెలుగు పేపర్లు. చిత్తూరులో, తిరుపతిలో. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు తాతా అని గట్టిగానే అడిగాను.

"నువ్వు యాడ అడిగినావు పాపా? మాకు రెండూ ఇంట్లో మాటలే. ఏది యాడ మాట్లాడినామని ఎవురు గుర్తు పెట్టుకుంటారు? ఆవు తప్పిపోతే మన కొట్టంలోనే ఎతుకుతామా? మావూర్లో ఇల్లిడిసినోళ్లందురూ అరవదేశం హోటళ్లలో తేలేవోళ్లు. అందుకని ఆడ ఏయించినాడు."

ఫోన్ పెట్టేశాక నవ్వాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. సరిహద్దు ఊళ్లలో వాళ్లకు తెలుగూ అరవమూ కుడిచెయ్యీ ఎడమచెయ్యీ. ఏ చేత్తో తలుపు తీశావని ఎవరైనా చెప్పగలరా?

మా హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయిది తిరుత్తణి వైపు. రెండు భాషలూ చదువుతుంది. సెలవు రోజు ఇద్దరం సూళ్లూరుపేటలో లోకల్ ట్రైనెక్కి చెన్నై పోయాం. అక్కడి పెద్ద లైబ్రరీలో, అప్పట్లో వేలూరు వైపు నడిచిన ఒక అరవ పేపరును ఫిల్ములో దాచి ఉంచారు. తెర మీద ఒక్కో పేజీ కదిలిస్తూ చూడాలి. నాకు అక్షరాలు తెలియవు కాబట్టి చిన్న డబ్బాలు కనిపించినప్పుడల్లా ఆమెను గిల్లాను. మధ్యాహ్నం తిండి కూడా మానేశాం. ఇంక చాలని ఆమె కళ్లు నలుపుకుంటుంటే, ఇంకొక్క నెల అని బతిమాలాను. ఆ నెలలోనే ఉంది. ఊరి పేరు చదివి ఆమె ఆగింది. ముత్తాత పేరు చదివింది. తర్వాత మెల్లగా తెలుగులో చెప్పింది:

"పదహారేళ్ల వాడు. చామనచాయ. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. బాబూ, ఇంక ఎవరూ నిన్ను కొట్టరు. నీ అక్క కాన్పుకు ఇంటికి వస్తుంది. అంతలోపల వచ్చెయ్."

మేమిద్దరం ఏడుస్తుంటే అక్కడున్న ఆయన వచ్చి, నిశ్శబ్దంగా ఉండమని చెప్పి పోయాడు.

ఆ పేజీ కాపీ తీయించుకుని, ఆమె చెప్పింది దాని వెనక తెలుగులో రాసుకుని, నేరుగా తిరుపతి బస్సెక్కాను. ఇంటికొచ్చేసరికి అవ్వ నానబెట్టిన అనపగింజలను పొట్టు తీయను పితుకుతోంది. చెప్పులు కూడా విప్పకుండా చదివి వినిపించాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె చేతులు ఆగలేదు. అక్క కాన్పు మాట మళ్లీ చదవమంది. చదివాను.

"నేను కాన్పుకొస్తానని రాయించినాడా?"

అవునన్నాను.

"నేను పోలా."

అంతే. గిన్నె పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని, రేపు పొద్దున బస్సు ఎన్నింటికో కనుక్కోమని మా నాయనతో చెప్పింది.

మరునాడు తాత వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. అవ్వ ఆయన పక్క నుంచి లోపలికి నడిచింది. ఒక్క క్షణం కూడా నిలబడలేదు. ఏ గదికి ఏ తలుపో అన్నీ గుర్తున్నదానిలాగా వంటింట్లోకి పోయి, తానే చెంబుతో నీళ్లు ముంచుకుని తాగి వచ్చి, తమ్ముడి దగ్గర కూర్చుంది. తాత పైకండువాతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. నాకు చాలా గర్వంగా ఉంది. పనైపోయిందనుకున్నాను.

అప్పుడు అవ్వ అడిగింది. "వాడు చూసినాడా ఇది?"

 తాత అందుకున్నాడు. "చూసింటే రాకుండా ఉంటాడా అక్కా?"

అవ్వ నా చేతిలోని కాపీ తీసుకుంది. చదవడం రాకపోయినా అక్షరాల తీరు తెలుసు ఆమెకు, బస్సు బోర్డులు చూసి చూసి.

"ఇది అరవం గదా. వాడు పొయ్యింది తెలుగు బడికి. అరవం మాట్లాడతాడు గాని, అచ్చు యాడ చదవగలడు?"

 ఇన్ని నెలలు వెతికాను, ట్రైనెక్కాను, పక్కమ్మాయి చేత చదివించుకున్నాను. చదవలేక పక్కమ్మాయి మీద ఆధారపడిన నాకే ఆ ఆలోచన రాలేదు. ముత్తాతకు అక్షరం ముక్క రాదు. నోటికొచ్చిన మాటంతా కంటికీ వస్తుందనే ఆయన అనుకుని ఉంటాడు.

ఎవరైనా చదివి చెప్పుంటారులే అని తాత గొణిగాడు.

"చెప్పలేదు," అంది అవ్వ. "చెప్పింటే వచ్చేవాడు."

కాసేపటికి నావైపు తిరిగి, తెలుగులో వేయించమంది. నాకు ముందు అర్థం కాలేదు. ఇప్పుడు, ఈ నెలలో, తెలుగు పేపర్లో. అన్నకు ఎనభై దగ్గరపడి ఉంటాయి, ఉంటే, అని తాత అనబోయాడు. ఆ చివరి మాట అనొద్దని అవ్వ వేలు చూపించింది. నేను ఫోన్ తీసి టైపు చేయడం మొదలుపెట్టాను. మచ్చ ఎడమ కనుబొమ్మ మీద అని రాస్తే, కాదు కుడి, నాయనకు ఎప్పుడూ సరిగ్గా గుర్తుండదు అని తాత. నేను ఎత్తుకోని పెంచినాను, నాకు తెలీదా, ఎడమే అని అవ్వ. ఇద్దరూ గొంతులు పెంచారు. స్టెంటు వేసిన మనిషి అని మా నాయన మధ్యలోకి వచ్చి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. నేను రెండు కనుబొమ్మలూ కొట్టేసి మచ్చ అని మాత్రం ఉంచాను. చివర్లో, అక్క, తమ్ముడు క్షేమంగా ఉన్నారు అని చేర్చాను.

"ఏం రాసినావో చదువు."

చదివాను.

"బాగుండామని రాస్తే ఎవురొస్తారు మ్మే? అక్క మంచాన పడిందని రాయి."