పెద్దమ్మ దాచిన కుర్చీలు

మంగళవారం పొద్దున్న విశాఖపట్నంలో ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మ ఎల్లిపోయిందే" అని ఒక్క ముక్క చెప్పి ఏడుపు అందుకుంది. నేను చోడవరంలో బస్సు దిగి ఇంటికి చేరేసరికి వీధిలో వాళ్ళు తలా రెండు కుర్చీలు తెచ్చి పెద్దమ్మ వాకిట్లో వేసేశారు. ఎర్రవి, నీలంవి, విరిగిన కాలికి తీగ చుట్టినవి. ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో సగం నాకు గుర్తే. వాటి సంగతి ఎత్తకుండా పెద్దమ్మ గురించి చెప్పడం నా వల్ల కాదు.

పెద్దమ్మ అంటే అమ్మకి తోడబుట్టిన మనిషి కాదు. మా పక్కిల్లు. అమ్మ ఆవిడని అక్క వరసలో 'అప్పా' అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. సమాధి దగ్గర పాస్టరుగారు, "ఈ తల్లి మన వీధిలో ఎంతోమంది పిల్లల చదువుకి సాయపడింది" అన్నారు. అందరూ తలలూపారు. ఎలా సాయపడిందో ఒక్కరూ నోరు విప్పలేదు, చెబితే పరువు పోతుందని. నేను చెబుతాను. పోయే పరువు మాది కాదని నాకిప్పుడు తెలుసు.

ఆవిడ ఒక ప్రైవేటు స్కూలు బస్సులో ఆయా. వడ్డాది వైపు ఊళ్ళన్నీ తిరిగి పిల్లల్ని తెచ్చే బస్సు. చంక కింద చెయ్యి వేసి ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం, ఊడిన రిబ్బను కట్టడం ఆవిడ పని. దిగిన ప్రతి పిల్ల తలమీదా ఒకసారి చెయ్యి వేసేది. గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు దారికడ్డమైతే పిల్లలు కిటికీలోంచి గడలు లాగేవారు. "డోంట్ టచ్!" అని కసిరి, తర్వాత తనే ఒక గడ లాగి ముక్కలు విరిచి పంచేది. బస్సులో విన్న ఇంగ్లీషంతా ఇంటికొచ్చి కోళ్ళమీద ప్రయోగించేది. "సిడ్డౌన్! సైలెన్స్!" అంటే మా వీధి కోళ్ళు నిజంగానే పరిగెత్తేవి.

తన కూతురు కూడా ఆ బస్సెక్కాలి. ఆవిడకున్న కోరిక అదొక్కటే. ఊళ్ళో పిల్లలందర్నీ ఎత్తి ఎక్కించిన చేతులతో సొంత గుంటని ఎక్కించుకోవాలని.

ఆ స్కూల్లో ఒకటో తరగతిలో చేరే పేదింటి పిల్లలకి ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇచ్చేది. పదో తరగతి దాకా ఫీజు వాళ్ళే కడతారు. ముందు ఇల్లు చూడ్డానికి ఇద్దరు వస్తారు. చూసి, నిజంగా లేనివాళ్ళో కాదో రాస్తారు. అక్క, అంటే పెద్దమ్మ కూతురు, నాకన్నా ఏడాది పెద్ద. ముందు తన వంతు వచ్చింది.

పెద్దవాళ్ళు ఇంటికొస్తున్నారంటే మావాళ్ళకి తెలిసిన మర్యాద ఒక్కటే. పెద్దమ్మ గోడలకి సున్నం వేసింది. వీధంతా తిరిగి నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, స్టీలు గ్లాసులు, మా అమ్మ పెళ్ళినాటి దుప్పటి అరువు తెచ్చింది. పెదనాన్న బస్సెక్కి మాడుగుల వెళ్ళి హల్వా తెచ్చాడు. అక్కకి క్రిస్మస్ గౌను వేశారు. వచ్చిన సారు, మేడము కుర్చీల్లో కూర్చున్నారు, ఫ్యాను గాలికి సేదతీరారు, హల్వా తిన్నారు. "ఇల్లు చాలా నీట్‌గా ఉందమ్మా" అని మెచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, "మెచ్చుకున్నారే! గ్లాసు కింద ప్లేటెట్టి మరీ ఇచ్చేను" అంది.

జాబితాలో అక్క పేరు లేదు. స్కూలు గుమస్తాని అడిగితే, కుటుంబం ఉన్నవాళ్ళేనని రాశారమ్మా అన్నాడు.

"అయ్యి నాయి కావు బాబూ, ఇరుగుపొరుగోళ్ళ దగ్గర తెచ్చినవి."

"ఆ ముక్క వాళ్ళకి ముందే చెప్పాల్సింది."

"సుట్టాలింటికొస్తే నేలమీద కూకోబెడతామా బాబూ?"

గుమస్తా రిజిస్టరు మూసేశాడు. తిన్న హల్వా తిని ఆ మాట రాసినవాళ్ళని నేను ఈనాటికీ క్షమించలేదు. ఆ హల్వాకి డబ్బు ఎక్కడ పుట్టిందని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మరుసటి ఏడు నా వంతు. ఆ రోజు తెల్లారగానే పెద్దమ్మ మా ఇంట్లోకి వచ్చి, మాట్లాడకుండా టీవీకి దుప్పటి చుట్టి ఎత్తుకుపోయింది. మళ్ళీ వచ్చి మిక్సీ. ఆ తర్వాత కుర్చీలు.

"ఒక్క కుర్చీ ఒగ్గెయ్ అప్పా, పెద్దోళ్ళొస్తన్నారు" అంది అమ్మ.

"కుర్చీ ఏసే నా గుంట సదువు పోగొట్టుకున్నాను. సాప ఎయ్యి. నీళ్ళు అడిగితే ఇవ్వు, అడక్కపోతే ఇవ్వకు. ఒసే, నువ్వా జడ ఇప్పెయ్. పేదోళ్ళమని సెప్తే సాలదే, కనపడాల."

వచ్చినవాళ్ళు చాప మీద కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే నాలుగు గోడలూ చూశారు. అమ్మ తలెత్తలేదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వని పాపం అమ్మ ముఖంలో అలా ఉండిపోయింది. నాకు స్కాలర్‌షిప్ వచ్చింది.

అప్పట్నుంచీ మా వీధిలో ఏ ఇంటికి ట్రస్టు వాళ్ళు వస్తున్నా ముందురోజు పెద్దమ్మ వెళ్ళేది. టీవీలు, ఫ్యాన్లు, కుర్చీలు ఆవిడింటికి చేరేవి. ఆ సామాన్ల మధ్య అక్క దారి చేసుకుని పొయ్యి దగ్గరకి వెళ్ళేది. అక్కకి మళ్ళీ దరఖాస్తు చేసే వీల్లేదు. ఒకటో తరగతి దాటిపోయింది.

నన్ను పదేళ్ళు పెద్దమ్మే బస్సెక్కించింది. మిగతా పిల్లల్లాగే నా తలమీదా చెయ్యి వేసేది. అక్క ఆ రోడ్డు మీదే సర్కారు బడికి నడిచి వెళ్ళేది. బస్సు పక్కనుంచి పోతుంటే నేను కిటికీలోంచి తల తిప్పుకునేదాన్ని. పెద్దమ్మ మాత్రం మలుపు తిరిగేదాకా చూసేది. ఒకరోజు అక్క నా టై లాగి మురిక్కాలవలో పడేసింది. నేను ఏడ్చుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను, అక్కని కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. టై ఉతికి, చెంబులో మరిగే నీళ్ళు పోసి దానితో ఇస్త్రీ చేసి నా మెడలో కట్టింది. కడుతూ, "దాన్నేటీ అనకే. దానికి కోపం రాకపోతే ఇంకెవలికొస్తది?" అంది. 

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు, తమ డబ్బుతో చదివినదాన్నని ట్రస్టు వాళ్ళు ఇళ్ళు చూడ్డానికి నన్నూ పంపుతున్నారు. గుమ్మంలో నిలబడగానే నా కళ్ళు గోడ మీదకి పోతాయి. టీవీ లేని చోట మేకు కనపడుతుంది, చుట్టూ మాయని సున్నం కనపడుతుంది. చూడనట్టు సంతకం పెడతాను. నేను చేసే మంచి ఇంతే. గట్టిగా ఒకసారి, ఇదేం పరీక్ష, మనుషుల చేత ఇలా ఇళ్ళు ఖాళీ చేయించడమేమిటి అని అడగలేకపోయాను. నాకు సిగ్గు అదే.

మూడోరోజు ప్రార్థన అయ్యాక అక్క నన్ను పక్కకి పిలిచింది. తను ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటూ బట్టలు కుడుతుంది. కూతురు ఈ ఏడు ఒకటో తరగతికొచ్చింది.

"ట్రస్టోళ్ళు రేపే వస్తారంట" అంది.

"వాళ్ళకి ఫోన్ చేసి చెబుతానక్కా. వారం ఆగమంటాను."

"వద్దు. ఆగమంటే లిస్టులోంచి తీసేస్తే? అమ్మే ఉంటే ఆగనిచ్చునా?"

తెలిసినవాళ్ళ ఇల్లు మేం చూడకూడదని నియమం. రేపు వచ్చేది వేరేవాళ్ళు. మేమిద్దరం వాకిట్లో కుర్చీలు ఒకటొకటీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాం. ఆవిడింట్లో దాగిన ఆ కుర్చీల్లో ఆవిడ కోసం వచ్చినవాళ్ళు కూర్చున్నది ఆ మూడు రోజులే. అక్క టీవీని అమ్మ మా ఇంటికి పట్టుకుపోయింది. చాప పరిచాం. ఇక గోడ మీద పెద్దమ్మ ఫొటో మిగిలింది. చర్చి కుర్రాళ్ళు చందాలేసుకుని కట్టించారు. బంగారు రంగు అంచు, అద్దం.

అక్క దాని ముందు నిలబడింది. "నువ్వూ ఇళ్ళు సూత్తన్నావు కదే. నిజం సెప్పు. ఫ్రేము కరీదుగా కనపడతందా?"

ఉండనివ్వు అనాలని నోటిదాకా వచ్చింది. కానీ గుమ్మంలోంచి కన్ను ముందు ఎక్కడ పడుతుందో నాకు బాగా తెలుసు.

"తీసెయ్యక్కా" అన్నాను.

అక్క ఏడవలేదు. తీసి నా చేతిలో పెట్టింది. దుప్పటి చుట్టి మా ఇంటికి తెచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడితే, అమ్మ లేచి ఒక కుర్చీ లాగింది. చెంగుతో తుడిచి, దుప్పటి విప్పి, ఫొటోని అందులో ఆనించింది.

"కూకో అప్పా" అంది.