నడిపయ్య లారీ వెనక ఎర్రదీపం

నడిపయ్య లారీని చూసి నవ్వనివాడు ఆర్మూర్‌లో లేడు. మిలిటరీ వేలంలో కొన్న చాసిస్, ఎక్కడో దొరికిన ఇంజను, పైన తనే కొట్టుకున్న చెక్క బాడీ. "ఎడ్లను యాడ కట్టేసి వచ్చినవ్ నడిపన్నా?" అనేవారు హమాలీలు. నవ్వితే నవ్వారు గానీ, 1959 నుంచి నందిపేట్ పసుపు మార్కెట్టుకు చేరింది ఆ లారీ మీదే.

దానికి ఒకటే రోగం. బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం ఒకసారి వెలిగేది, నాలుగుసార్లు మొండికేసేది. నడిపయ్య బల్బు మార్చాడు, స్విచ్చి మార్చాడు, దీపానికి కరెంటు తెచ్చే వైరు కొత్తది లాగాడు. దీపం నుంచి ఇనుప ఫ్రేముకు పోయే రెండో వైరును బిగించిన బోల్టును మాత్రం ముట్టలేదు. భార్య రత్నవ్వ ప్రతి శుక్రవారం లారీ కడిగి, ఆ బోల్టుకూ పసుపు పూసి బొట్టు పెట్టేది. బొట్టున్న చోట స్పానర్ పెట్టడానికి అతనికి చెయ్యాడలేదు.

1963 ఎండాకాలం, పొద్దుగూకే వేళ, బస్తాల లోడుతో వస్తుంటే మేకలు అడ్డొచ్చాయి. నడిపయ్య బ్రేకు తొక్కాడు. వెనకే మోటారు సైకిల్ మీద వస్తున్న ముత్తెన్న, రత్నవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు, నేరుగా వచ్చి గుద్దుకున్నాడు.

"బావా, లైటు రాలే" అన్నాడు. దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది.

దినాలయ్యాక నడిపయ్య ఏడుస్తూనే లారీ కిందికి దూరి ఆ బోల్టు విప్పాడు. నాలుగేళ్ల పసుపు గడ్డకట్టి ఉంది, దాని కింద అంతా తుప్పు. వైరు ఇనుమును తాకీ తాకనట్టుంది; దీపం మొండికేసింది అందుకే.

"ఏం దొరికింది?" రత్నవ్వ వచ్చి నిలబడింది.

అతను బోల్టును పిడికిట్లో దాచాడు. "నేనే వైరు మంచిగ బిగియ్యలే."

"అంటే నా తమ్ముణ్ణి నువ్వే చంపినవా?"

"అవు."

మర్నాడే ఆమె నందిపేట్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. తమ్ముడు పోయిన దుఃఖం ఒకటి, మొగుణ్ణి వదులుకున్న దుఃఖం ఒకటి, మనిషి సగమైంది. నెల తిరిగాక నడిపయ్య వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. రత్నవ్వ అతని మొహం చూసి ఏడ్చేసింది.

"నీ తప్పు లేదని ఒక్కసారి చెప్పు. గిప్పుడే నీ ఎంబడి వస్త" అంది.

లేదంటే, మరి తప్పెవరిదని అడుగుతుంది; అప్పుడు ఆమె పూసిన పసుపు సంగతి చెప్పాలి. నడిపయ్య తల అడ్డంగా ఊపి, ఒక్కడే తిరిగొచ్చాడు.